ఆమ్లెట్ మీరావలి టేబుల్ క్లాత్

"సాయంత్రం నాలుగింటికి వాళ్ళొస్తారమ్మా. ఆలోగా నేను అబద్ధాలకోరుని కాదని తేలాలి," అన్నాడు మీరావలి సుబ్బరత్నం గారితో.

నేను గడియారం చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. 2001 మార్చి 31, శనివారం, ఉదయం పదీ ఇరవై. స్థలం పటమటలో మీరావలి ఇల్లు, ముందుగది. శనివారం అన్న మాట కింద గీత కూడా గీశాను. ఎందుకంటే వంటింట్లోంచి ఆమ్లెట్ వాసన వస్తోంది, నేను శనివారం గుడ్డు ముట్టను. డిటెక్టివ్ పనిలో కష్టాలు చాలా ఉంటాయి గానీ నా కష్టాల్లో సగం శనివారాలే వస్తాయి.

నా పేరు జ్ఞానేశ్వర్. కంప్యూటర్లొచ్చి నా టైపు ఇన్‌స్టిట్యూట్‌ని మింగేశాక, నలభై ఆరో ఏట, గుణదలలో సుబ్బరత్నం గారి డిటెక్టివ్ ఆఫీసులో అసిస్టెంటుగా చేరాను. ఆవిడ ఇరవయ్యారేళ్ళు మంగళగిరిలో ఒక చేనేత సంఘంలో బట్ట తనిఖీ చేసిన మనిషి. తానులో ఒక్క పోగు తెగినా వేలితో తడిమి చెప్పేస్తారు. రిటైరయ్యాక ఆ వేలిని మనుషుల మీదకు తిప్పారు.

మీరావలికి డెబ్భై తొమ్మిదేళ్ళు. రెండు కళ్ళకీ శుక్లాలు. ఆయన కథ పటమటలో తెలియనివాళ్ళు లేరు, నమ్మినవాళ్ళూ లేరు. పంతొమ్మిదో ఏట ఆయన కలకత్తా వెళ్ళి ఒక ఇంగ్లీషు సరుకుల ఓడలో వంటవాడికి సహాయకుడుగా చేరాడు. 1941 ఫిబ్రవరి 21న మడగాస్కర్ దగ్గర సముద్రంలో అడ్మిరల్ షేర్ అనే జర్మన్ యుద్ధనౌక వాళ్ళ ఓడను పట్టుకుంది. అది మామూలు ఓడ కాదు, పెద్ద ఫిరంగులున్న హెవీ క్రూయిజర్. ఎదుటివాళ్ళను ఏమార్చడానికి ఇంగ్లీషు ఓడలా రంగు పూసుకుని, అయిదు నెలల్లో పదహారు పదిహేడు ఓడల్ని ముంచో పట్టుకునో తిరిగిన రాక్షసి. మీరావలిని ఖైదీగా ఎక్కించుకుని వంటగదిలో పడేశారు. పని ఒక్కటే, గుడ్లు కొట్టడం. రోజుకు ఆరు వందలు.

అన్ని గుడ్లు ఎక్కడివంటే, అంతకు రెండు నెలల ముందు ఆ జర్మన్లు చల్లటి గదులున్న మరో ఇంగ్లీషు ఓడను పట్టుకున్నారు. అందులో కోటిన్నర గుడ్లు దొరికాయి. నావికులు పొద్దున గుడ్డు, మధ్యాహ్నం గుడ్డు, రాత్రికి మార్పు కావాలంటే ఇంకో రకం గుడ్డు తిన్నారు. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత, ఏప్రిల్ ఒకటిన, ఓడ జర్మనీలో రేవు చేరింది. మీరావలి నాలుగేళ్ళు ఖైదీల శిబిరంలో ఉండి బెజవాడ వచ్చేసరికి 1946. అప్పుడు ఆయన మూటలో ఒక టేబుల్ క్లాత్ ఉంది. తెల్లటి గుడ్డ, నీలం అంచు, మూల మీద ఓడ పేరు, ఆ పేరు పక్కనే ఆఖరి రోజు పడిన గుడ్డు మరక. పెంకు ముక్క పడకుండా గుడ్డు కొట్టినందుకు ఒట్టో అనే వంటవాడు మెచ్చి బహుమతిగా ఇచ్చాడట. ఊరు మాత్రం ఆయనకు వేరే బహుమతి ఇచ్చింది. ఆమ్లెట్ మీరావలి అని పేరు పెట్టింది.

ఇప్పుడు అరవై ఏళ్ళకు విశాఖపట్నంలో రిటైరైన నావికుల కమిటీ ఒకటి ఎగ్జిబిషన్ పెడుతోంది. రేపు, ఏప్రిల్ ఒకటినే ప్రారంభం. అందులో ఒక బోర్డు మీద 'మీరావలి, బెజవాడ' అని రాసి, కింద ఈ గుడ్డ పెడతారు. అక్షరాలు ఎంత పెద్దగా ఉంటాయని మీరావలి ఇప్పటికి మూడు ఉత్తరాలు రాయించాడు. ఈ సాయంత్రం నాలుగింటికి కమిటీ వాళ్ళు గుడ్డ తీసుకెళ్ళడానికి వస్తారు. అయితే వాళ్ళు జాగ్రత్తపరులు. ముందుగా గుడ్డ సంగతి తేల్చమని రామకోటేశ్వరరావుకు అప్పగించారు.

రామకోటేశ్వరరావు రిటైరైన ఎస్సై, ప్రస్తుతం డిటెక్టివ్. ఆయన బోర్డు మాదానికంటే పెద్దది, మీసం బోర్డు కంటే పెద్దది. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, ట్రంకుపెట్టె తెరిపించి, గుడ్డ చూసి, ఇది మంగళగిరి మగ్గం మీద మొన్న నేసిన నూలు బట్ట అని తేల్చేశాడు. దాన్ని తడిమిన మీరావలి, ఇది నా గుడ్డ కాదు, నాది గలగలమనదు, దీనికి గంజి పెట్టారు, నాది ఎవరో కొట్టేశారు అని మొత్తుకున్నాడు. రామకోటేశ్వరరావు నవ్వి, అసలంటూ ఒకటి ఉంటేగా పోవడానికి అన్నాడు. ఆ మాట విన్నాక మీరావలి మాకు ఫోన్ చేశాడు.

మేము వెళ్ళేసరికి రామకోటేశ్వరరావు ఇంకా అక్కడే, రిపోర్టు రాసుకుంటూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"సుబ్బరత్నం గారూ, మీరు శ్రమపడక్కర్లేదు. నేను ఇంటర్నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని ఈ ఓడ జాతకమంతా తీయించాను," అని కాగితాలు చూపించాడు. "గుడ్ల ఓడని జర్మన్లు ఫిబ్రవరి 18న ముంచేశారు. ఈయన పట్టుబడింది 21న. మూడు రోజుల ముందే మునిగిన గుడ్లు ఈయనెట్లా కొట్టాడండీ?"

మీరావలి మొహం పాలిపోయింది. అరవై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు, ఎందుకంటే తారీఖుదాకా ఎవరూ విననే లేదు.

సుబ్బరత్నం గారు కాగితాలు తిరగేసి వెనక్కిచ్చారు. "మీ వీధిలో కిరాణా కొట్టు మూతపడితే మీ ఇంట్లో బియ్యం ఆ రోజే అయిపోతాయా?"

"అంటే?"

"ఓడని ముంచే ముందు గుడ్లు తమ ఓడలోకి దించుకోరా అని. రెండు నెలలు దాన్ని వెంట తిప్పుకున్నారని మీ కాగితంలోనే ఉంది."

"అడుగడుక్కీ గుడ్ల పెట్టెలేనమ్మా," అన్నాడు మీరావలి ప్రాణం లేచొచ్చి. "పడుకునే చోట కూడా. కాళ్ళు చాపుకోడానికి లేదు."

రామకోటేశ్వరరావు దగ్గి, చరిత్ర సంగతి పక్కన పెట్టినా గుడ్డ మంగళగిరిదే కదా అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. సుబ్బరత్నం గారు అవును, మంగళగిరిదే అని ఒప్పేసుకున్నారు. ఆవిడ అసలు మీరావలి పక్షానేనా అని నాకు అనుమానం వచ్చింది.

పదకొండింటికి ట్రంకుపెట్టె చూశాం. లోపలి గదిలో మీరావలి మంచం కింద ఉంది. తాళం పగలలేదు, గీత కూడా పడలేదు. తాళంచెవి మీరావలి లుంగీ ముడికి దారంతో కట్టి ఉంటుంది. పెట్టె చివరిసారి తెరిచింది బక్రీదు నాడు, చుట్టాలకు చూపించడానికి. పెట్టెలో నాఫ్తలీన్ ఉండలు, రెండు పాత ఫొటోలు, అడుగున పరిచిన న్యూస్‌పేపరు. సుబ్బరత్నం గారు పేపరు తీసి తారీఖు చూసి నాకిచ్చారు. మార్చి 15, గురువారం.

"జ్ఞానేశ్వర్ గారూ, దొంగతనానికి వచ్చినవాడు పెట్టె దులిపి, కొత్త పేపరు పరిచి, నాఫ్తలీన్ ఉండలు వేసి పోతాడా?"

పోడని రాసుకున్నాను. మా ఇంట్లో అయితే మనుషులే ఆ పని చేయరు.

ఆవిడ మీరావలికి మరికొన్ని ప్రశ్నలు వేశారు. ఈ మధ్య ఇంట్లో కొత్త సంగతేమైనా ఉందా అంటే, ఏమీ లేదమ్మా, రెండు వారాల నుంచి రోజూ ఆ ఓడ కల్లోకొస్తోంది, అంతే అన్నాడు. ఆవిడ ఆ మంచం మీది తలగడ వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు.

మీరావలి భార్య బేగం బీ అందరికీ ఆమ్లెట్లు తెచ్చింది. డెబ్భై దాటినా చురుకైన మనిషి, మాటల పుట్ట. ఈ రోజు మాత్రం నోట్లోంచి మాట రావడం లేదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే ఆవిడ పెనం కనిపించింది. అడుగు రెండు వేళ్ళ మందం, పొడుగాటి పిడి, రెండు చేతులతో ఎత్తాలి. అంత పెనం మీద వేసిన ఆమ్లెట్ ఎలా ఉంటుందో రామకోటేశ్వరరావు మూడు తిని చూపించాడు. నేను అరటిపండు తిన్నాను.

వాళ్ళ మనవడు ఆసిమ్ కూడా అక్కడే ఉన్నాడు. పాతికేళ్ళ వాడు, పటమటలో డ్రెస్ మెటీరియల్ కొట్టు, సరుకు మంగళగిరి నుంచే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకుండానే, నాకేం తెలియదండీ అని రెండుసార్లు అన్నాడు.

సుబ్బరత్నం గారు పెట్టెలో దొరికిన గుడ్డను బల్ల మీద పరిచారు. తెలుపు, నీలం అంచు, మూల మీద నీలం దారంతో ఇంగ్లీషు అక్షరాల్లో ఓడ పేరు. పేరు పక్కన చిన్న పసుపుపచ్చ మరక. "అదిగో," అన్నాడు రామకోటేశ్వరరావు, "గుడ్డు మరక కూడా మర్చిపోలేదు. కొత్త గుడ్డ నేయించి, ఇంత సొన పూసి, అరవై ఏళ్ళ నాటిదన్నాడు."

"బేగం బీ గారూ, మీ వక్కాకు పెట్టె ఒకసారి ఇస్తారా," అన్నారు సుబ్బరత్నం గారు.

ఆవిడకు తమలపాకుల మీద కోరిక పుట్టిందనుకున్నాను. పెట్టెలోంచి గోటితో ఇంత సున్నం తీసి, నీళ్ళ చుక్కతో కలిపి, మరక మీద రుద్దారు. మా కళ్ళ ముందే మరక ఎర్రగా మారింది. పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టిన పారాణి రంగు.

"గుడ్డుసొనకి సున్నం తగిలితే ఎర్రబడదండీ. పసుపుకే. ఇది వంట పసుపు. ఆమ్లెట్ మీరావలి ఇంట్లో గుడ్లకు కరువా, మరక కావాలంటే పసుపు వెతుక్కోడానికి? మోసం చేయాలనుకున్న మనిషి సొనే పూస్తాడు. ఇది మోసానికి పూసింది కాదు, శుభానికి పెట్టింది. కొత్త బట్ట మూలకి పసుపు పెట్టకుండా ఇల్లు దాటించని మనిషి ఎవరో పెట్టారు."

రామకోటేశ్వరరావు నాలుగో ఆమ్లెట్ పక్కన పెట్టాడు.

ఆవిడ అంచును వేళ్ళ మధ్య జారవిడిచారు. "ఎడమ అంచు దగ్గర పోగు బిగుసుకుంది చూడండి. ఇది మా సంఘంలో నేసే వెంకటప్పయ్య చెయ్యి. ఎన్నిసార్లు బట్ట వెనక్కి పంపినా ఈ బిగింపు మానలేదు మహానుభావుడు. పసుపు పెట్టింది వాళ్ళావిడ పున్నమ్మ అయ్యుంటుంది."

పన్నెండింటికి మంగళగిరి ఫోన్ చేశాం. వాళ్ళ పక్కింటివాళ్ళు ఎత్తి, వాళ్ళిద్దరూ కొండ మీద గుడికి వెళ్ళారు, భోజనాలయ్యాక వస్తారన్నారు. ఒంటిగంటకు చేస్తే ఇంకా రాలేదు. రెండింటికీ రాలేదు. మీరావలి ప్రతి పది నిమిషాలకూ టైమెంతయిందని అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను, చెప్పినప్పుడల్లా ఆయన కాస్త చిన్నవాడైపోతున్నట్టు అనిపించింది. ఊరు అరవై ఏళ్ళు నవ్వినా ఆయన నిలబడ్డాడు. ఎవరో నలుగురు చదువుకున్నవాళ్ళు కాగితం మీద రాసి నవ్వితే నిలబడలేడు. నాకు ఆయన మీద జాలేసింది, రామకోటేశ్వరరావు మీద ఒళ్ళు మండింది.

రెండూ నలభైకి పున్నమ్మ దొరికింది. సుబ్బరత్నం గారు ఫోను రిసీవరు అందరికీ వినబడేట్టు పట్టుకున్నారు.

"తెల్ల గుడ్డ, నీలం అంచు, ఇంగ్లీషు అక్షరాలు. నువ్వు కుట్టిందేనా పున్నమ్మా?"

"నేనేనండి. ఏం, తప్పొచ్చిందా?"

"తప్పేం లేదు. పసుపు నువ్వే పెట్టావా?"

"పెట్టకుండా ఎట్లా పంపుతామండీ. వాళ్ళింట్లో చుట్టాల ముందు పరుస్తారంట గదా. ఆసిమ్ బాబు తెచ్చిన పాత ముక్క చూసి అక్షరాలు కుట్టాను. ఆ పాత నేత భలే నేతండి, మావారు ఒక పూటంతా దాన్నే చూస్తా కూచున్నారు."

సుబ్బరత్నం గారు ఫోన్ పెట్టేసి, 'పాత ముక్క' అన్న మాట రాసుకున్నారా అని నన్నడిగారు. అసలు గుడ్డ ఉందన్న మాటకు మొదటి సాక్ష్యం అది.

రామకోటేశ్వరరావు ఇప్పుడు ఆసిమ్ మీద పడ్డాడు. అయితే తాత గుడ్డ మనవడే కొట్టేశాడన్నమాట, ఎవరికమ్మావు, ఎప్పుడమ్మావు అని పోలీసు గొంతు తీశాడు. ఆసిమ్ తల వంచుకుని, నేయించింది నేనే, ఇంకేమీ చెప్పను అన్నాడు.

సుబ్బరత్నం గారు మీరావలి వైపు తిరిగారు. తాళంచెవి ఒంటి మీద లేని సమయం ఏదైనా ఉందా అని అడిగారు. ఆయన ఆలోచించి, శుక్రవారం నమాజుకి లుంగీ విప్పి తెల్ల పైజమా వేసుకుంటాను, అప్పుడు చెవి మేకుకి తగిలించి పోతాను అన్నాడు. పన్నెండున్నర నుంచి రెండింటి దాకా. ఆసిమ్ ఎక్కడుంటాడని అడిగితే, నా పక్కనే, నాకు కళ్ళు కనబడవు గదా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది వాడే అన్నాడు.

"పేపరు గురువారానిది. మర్నాడు మార్చి 16, శుక్రవారం," అన్నారు ఆవిడ మెల్లగా. "మగవాళ్ళు మసీదులో. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరూ పెట్టె దులిపి పేపరు కూడా మార్చారు."

వంటింటి గుమ్మంలో బేగం బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉతికానమ్మా," అంది.

మీరావలి వినబడనట్టు, ఏంటీ అన్నాడు.

"ఉతికాను. పెద్దపెద్ద ఆఫీసర్లు వస్తారంటిరి. యాభై మూడేళ్ళ నుంచి ఈయన దాన్ని నీళ్ళు ముట్టనివ్వలేదు. ఆ మురికి గుడ్డ వాళ్ళ ముందు పరిస్తే, బేగం బీ ఇంట్లో సబ్బు లేదా అనుకోరూ? సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి రెండంటే రెండే దెబ్బలు కొట్టాను. నాలుగు ముక్కలైంది. గుడ్డు మరక కూడా పోయింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిల్లోణ్ణి బతిమాలి ఇంకోటి నేయించాను."

యుద్ధంలో ఇంగ్లీషు ఓడలన్నీ వెంటపడ్డా ఆ అయిదు నెలలు గీత పడకుండా తిరిగొచ్చిన ఓడ అది. దాని గుడ్డ బేగం బీ బండ మీద రెండు దెబ్బలకు లొంగిపోయింది.

మీరావలి కోప్పడతాడనుకున్నాను. ఆయన ముక్కలు ఉన్నాయా అని మాత్రం అడిగాడు. బేగం బీ నోరు విప్పేలోగా సుబ్బరత్నం గారు లోపలి గదిలోకి వెళ్ళి ఆయన తలగడ తెచ్చి, దానికి కొత్తగా వేసిన కుట్టు విప్పారు. దూది మధ్యలోంచి నాలుగు తెల్లటి ముక్కలు బయటికొచ్చాయి. రెండు వారాలుగా మీరావలి ఆ ఓడ మీదే తల పెట్టుకుని నిద్రపోతున్నాడు.

అప్పటికి మూడూ ముప్పై అయిదు.

ముక్కల్ని బల్ల మీద కలిపి పెట్టాం. దళసరి నార గుడ్డ, మన నూలు కాదు. ఓడ పేరు వెలిసినా స్పష్టంగా ఉంది. మరక ఉండే చోట, అరవై ఏళ్ళ జిడ్డు వదిలాక, ఇంకేదో బయటపడింది. ఎర్ర దారంతో చిన్నగా కుట్టిన అక్షరాలు, చాకలి గుర్తులాంటివి. రామకోటేశ్వరరావు కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు.

"కమాండెంట్. నంబర్ మూడు." ఆయన మీసం నెమ్మదిగా పైకి లేచింది. "ఇది కెప్టెన్ గారి సొంత టేబుల్ గుడ్డ. నంబర్లేసి లెక్కపెట్టుకునే గుడ్డ. దీన్ని ఒక వంటవాడు ఖైదీకి బహుమతిగా ఇచ్చాడా, మీరావలీ?"

మీరావలి ముక్కల మీద వేళ్ళు పెట్టి తడుముతున్నాడు.

"ఇవ్వలేదు," అన్నాడు చివరికి. "ఒట్టో మెచ్చుకున్న మాట నిజం. గుడ్డ మాత్రం ఇవ్వలేదు. రేవులో మమ్మల్ని దించేటప్పుడు అల్మారాలోంచి తీసి చొక్కా లోపల చుట్టుకున్నా. మంచు కురుస్తోంది. నా ఒంటి మీద లుంగీ, పల్చటి చొక్కా, అంతే. చలికి చచ్చిపోతానని భయమేసింది. తిరిగొచ్చాక దొంగిలించానని చెప్పడానికి సిగ్గేసి, ఇచ్చాడని చెప్పాను. మిగతాదంతా నిజం." ఆయన తలెత్తి, కనబడని కళ్ళతో రామకోటేశ్వరరావు ఉన్న వైపు చూశాడు. "దొంగ అని రాసుకోండి సార్. అబద్ధాలకోరు అని మాత్రం రాయొద్దు."

రామకోటేశ్వరరావు కలం తీశాడు. అరవై ఏళ్ళ నాటి దొంగతనం పట్టుకున్నానన్న సంతోషం ఆయన మొహంలో దాగడం లేదు.

"రాయండి," అన్నారు సుబ్బరత్నం గారు. "కానీ పొద్దున రాసింది ఒకసారి చదివి రాయండి. ఈయన ఆ ఓడలో కాలే పెట్టలేదని రాశారు. కాలు పెట్టని ఓడలో కెప్టెన్ గారి అల్మారాలోంచి గుడ్డ ఎట్లా తీస్తాడు? ఈయన దొంగ అయితే ఓడ ఎక్కినట్టే. ఓడ ఎక్కలేదంటే దొంగ కాడు. రెండిట్లో ఏది కావాలో మీరే తేల్చుకోండి. ఇంకా ఇరవై నిమిషాలుంది."

ఆయన కలం గాల్లోనే ఆగింది. పోలీసు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు దొంగల్ని పట్టుకున్న మనిషికి దొంగని వదులుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. చివరికి పొద్దున రాసిన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, కొత్త కాగితం తీశాడు. మొదటి వాక్యం నేను పక్కనుంచి చదివాను. 'మీరావలి, బెజవాడ, ఆ ఓడలో ఉన్నారనడంలో సందేహం లేదు.' మిగతాది చదవలేదు. కళ్ళు చెమర్చాయి, ఉల్లిపాయల ఘాటు అనుకోండి.

ఆ వాక్యం మీరావలికి చదివి వినిపిస్తే, ఇంకోసారి చదవమన్నాడు.

బేగం బీ మాత్రం వంటింటి గుమ్మంలోంచి కదల్లేదు. మొగుడి వైపే గుచ్చిగుచ్చి చూస్తోంది.

"యాభై మూడేళ్ళు నాకు కూడా బహుమతనే చెప్పారు," అంది. "సరే. ఇంకేమైనా తెచ్చారా ఆ ఓడలోంచి?"

మీరావలి మొహం, దానంతటది, వంటింటి వైపు తిరిగింది.

బేగం బీ వెనక్కి చూసింది. పొయ్యి మీద పెనం ఉంది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆవిడ రోజూ వాడుతున్న పెనం. రెండు చేతులతో ఎత్తి బోర్లించింది. అడుగంతా వేలు మందం మసి. మసి కింద గుండ్రటి ముద్ర లాంటిదేదో ఉబ్బెత్తుగా కనబడుతోంది. జర్మన్ల ముద్ర మీద ఉండే గద్ద రెక్కేమో అనిపించింది.

వీధిలో కారు హారన్ మోగింది. సరిగ్గా నాలుగు. కమిటీ వాళ్ళు దిగుతున్నారు. బేగం బీ చెయ్యి అలవాటు కొద్దీ కొబ్బరిపీచు, చింతపండు వైపు వెళ్ళింది.

సుబ్బరత్నం గారు ఆ వయసులో అంత గట్టిగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

"బేగం బీ గారూ," అన్నారు ఆవిడ చెయ్యి పట్టుకుని, "దాన్ని మాత్రం తోమకండి."